పరంధామన్న ఆగిన చోట

నేను ఒక మీటను. దీపం వెలిగించే మీటనో ఫ్యాను తిప్పే మీటనో అనుకునేరు. రేడియో స్టేషన్లో అనౌన్సరు కూర్చునే బల్ల మీద, ఎడమచేతి బొటనవేలికి అందేలా బిగించిన చిన్న నల్ల మీటను. స్టేషన్ వాళ్ళు నన్ను కాఫ్ స్విచ్ అంటారు. తెలుగులో దగ్గు మీట అనుకోండి. మాట్లాడుతూ ఉండగా అనౌన్సరుకు దగ్గు వస్తే నన్ను నొక్కుతాడు. నొక్కి ఉంచినంతసేపు మైకు నోరు మూసుకుంటుంది. దగ్గడం అయ్యాక వేలు తీస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. ఊరికి ఆ దగ్గు తెలియదు. తుమ్మూ తెలియదు, ఆవలింతా తెలియదు, కళ్ళద్దాలు కనబడక అనౌన్సరు పళ్ళ మధ్య తిట్టుకున్న తిట్టూ తెలియదు. స్టూడియోలో ఉన్న యంత్రాలన్నీ మనిషి గొంతును బయటికి చేర్చడానికి పుట్టాయి. చేరకుండా ఆపడానికి పుట్టినదాన్ని నేనొక్కదాన్నే.

హైదరాబాదులో బాలానగర్ వైపు ఒక రేకుల షెడ్డులో తయారయ్యాను. రెండు జతల ఇత్తడి రేకులు, ఒక స్ప్రింగు, పైన నల్లటి బొడిపె. అంతే నేను. నన్ను పరీక్షించిన పనివాడు యాభై సార్లు నొక్కి చూసి, పక్కవాడిని ఇది దేనికని అడిగాడు. "పెద్దోళ్ళ దగ్గులు దాచిపెట్టడానికి" అన్నాడు పక్కవాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మనుషులకు దాచుకోవడానికి దగ్గు కంటే పెద్దవి ఉంటాయని అప్పటికి నాకూ తెలియదు.

1991లో కొండాయిపేటకు వచ్చాను. పసుపూ పత్తీ పండే నేలల మధ్య చిన్న ఊరు. ఊరి చివర గుట్ట పక్కన కొత్తగా కట్టిన రేడియో స్టేషన్. నన్ను బల్లకు బిగించినవాడు రెహమత్ అలీ అనే టెక్నీషియన్. బిగించాక నా పక్కనే ఒక ఎర్ర దీపం పెట్టాడు. నన్ను నొక్కితే ఆ దీపం ఆరిపోవాలి, అంటే మైకు మూసుకుందని గుర్తు. దీపానికి ఒక జత రేకులు, మైకుకు ఇంకో జత. ఈ సంగతి గుర్తుపెట్టుకోనక్కరలేదు గానీ, నా జీవితంలో పెద్ద తప్పు జరిగింది ఇక్కడే.

స్టేషన్ తెరిచిన మూడో వారంలో వొడ్నాల పరంధాములు వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మగ్గం మూలపడ్డాక బీడీ కార్ఖానాలో గుమాస్తాగా చేరిన నేత కుటుంబం వాడు. బీడీలు అప్పజెప్పడానికి వచ్చి బారులు తీరి కూర్చునే ఆడవాళ్ళకు పొద్దు గడవడానికి పేపరు చదివి వినిపించేవాడట. మామూలుగా మాట్లాడితే మాట మాటకూ తట్టుకునే మనిషి, కాగితం చేతిలో ఉంటే ఎక్కడా ఆగకుండా చదివేవాడు. "గింత మంచి గొంతు పెట్టుకోని గీ తంబాకుల ఎందుకుంటవ్? రేడియోలకు పో" అని వాళ్ళే తరిమారట. ఈ సంగతులన్నీ తర్వాత రోజుల్లో, పాటకూ పాటకూ మధ్య రెహమత్ అలీకి చెబుతుంటే విన్నాను.

పరీక్షలో చదవమన్నవి చదివి మొదటివాడిగా వచ్చాడు. పేరు అడిగినప్పుడు మాత్రం దరఖాస్తు మీద వేలు పెట్టి చూపించాడు. పరీక్ష పెట్టినవాళ్ళు అది వినయం అనుకున్నారు.

అతనికి నత్తి ఉంది. ముఖ్యంగా 'ప' అనే అక్షరం దగ్గర. పెదాలు రెండూ కలిశాయంటే ఇక విడివడవు. ఎవరు చేసిన వేళాకోళమో, తల్లిదండ్రులు పెట్టిన పేరే ఆ అక్షరంతో మొదలైంది.

మొదటి రోజు ప్రత్యక్ష ప్రసారంలో కాగితం మీద రాసుకున్నదంతా హాయిగా చదివాడు. చివర్లో "ఇంతసేపూ మీతో ముచ్చటించినది…" అని తన పేరు చెప్పాలి. పెదాలు బిగుసుకున్నాయి. మెడ నరాలు ఉబ్బాయి. ఎడమచెయ్యి ఊతం కోసం బల్ల మీద తడుముకుంటూ నా మీద పడింది. నన్ను నొక్కాడు. ఎర్ర దీపం ఆరింది. "ప్… ప్… ప్…" ఎన్నిసార్లో! వినేది నేనూ ఆ నాలుగు గోడలూ. పెదాలు సడలగానే వేలు తీసి "పరంధాములు" అన్నాడు. శుభ్రంగా, తేనె చుక్క జారినట్టు.

ప్రసారం అయిపోయాక చాలాసేపు నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఏ మనిషీ ఏ మీటనూ అలా చూసి ఉండడు.

ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు మేమిద్దరం కలిసి బతికాం. "పొద్దుటి ముచ్చట" అని అతని కార్యక్రమం. తప్పిపోయిన బర్రె గురించి చెప్పేవాడు. ఏ ఊరికి ఏ బస్సు రాలేదో చెప్పేవాడు. పత్తికి ఏ పురుగు పట్టిందో, ఏ బడిలో పిల్లలు ఆటల్లో గెలిచారో చెప్పి, అడిగినవాళ్ళకు అడిగిన పాట వేసేవాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని, రేడియో గూట్లో పెట్టి వినేవారు. తునికాకు కత్తిరించే కత్తెరకు తాళం పరంధామన్న మాటే అని ఒకామె ఉత్తరం రాయించింది. పెళ్ళి శుభలేఖలు వచ్చేవి. కొత్తగా పుట్టిన మనవరాలికి ఏం పేరు పెట్టాలో అడుగుతూ కార్డులు వచ్చేవి.

అతన్ని జనం అంతగా ఇష్టపడటానికి కారణం ఏమిటో తెలుసా? మధ్యలో ఆగడం. 'ప' వచ్చే చోటల్లా నన్ను నొక్కేవాడు కదా, ఆ రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం వాళ్ళకు ఎంతో నచ్చింది. తమ గురించే ఆలోచించి మాట్లాడుతున్నాడనుకున్నారు. ఒక కాలేజీ లెక్చరర్ అతని మౌనం మీద నాలుగు పేజీల వ్యాసం రాసి పంపాడు. అందులో ప్రతి నిశ్శబ్దానికీ ఒక అర్థం చెప్పాడు. ఆ నిశ్శబ్దంలో నిజంగా జరిగేది నాకు తెలుసు. మొండికేసిన మాటను అతను బతిమాలుకునేవాడు. "రావే… రా తల్లీ… ఎందుకు సతాయిస్తవ్" అనేవాడు. వస్తే "హమ్మయ్య" అని వేలు తీసేవాడు.

ఈ ఏర్పాటుకు అతను చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. నేను బల్లకు బిగించి ఉన్నాను. అతని వెంట బజారుకు వెళ్ళలేను. అందుకని అతనూ వెళ్ళడం మానేశాడు. సన్మానాలకు పిలిస్తే రాడు. పెళ్ళిళ్ళకు పోడు. అభిమానులు గేటు దగ్గరికి వస్తే గొంతు పట్టుకుపోయిందని చేత్తో చూపించి నమస్కారం పెట్టి లోపలికి వచ్చేసేవాడు. ఒకసారి పాత కార్ఖానా ఆడవాళ్ళే పదిమంది, సర్వపిండి మూట కట్టుకుని అతన్ని చూడటానికి వచ్చారు. తనను రేడియోలోకి తరిమినవాళ్ళు. "రికార్డింగుల ఉన్ననని చెప్పు" అని రెహమత్‌ను పంపించి, స్టూడియోలో చీకట్లో కూర్చున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ సర్వపిండి తెచ్చి బల్ల మీద పెట్టారు. స్టూడియోలో తిండి నిషేధం. అయినా ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలలేకపోయాడు. ఎందుకో అప్పుడు కూడా నన్ను నొక్కాడు, మైకు ఆపేసి ఉన్నా.

నేను గర్వపడుతూ ఉండేదాన్ని. నేను లేకపోతే ఈ మనిషి లేడు అనుకునేదాన్ని. అతన్ని కాపాడుతున్నది నేనే అనుకున్నాను. కట్టేసి ఉంచుతున్నది కూడా నేనే అని తోచలేదు.

2010 వానాకాలం. ఆ ఏడు తాత్కాలిక అనౌన్సర్లందరికీ మళ్ళీ గొంతు పరీక్ష పెడతారని నోటీసు వచ్చింది. పరంధాములు అన్నేళ్ళయినా తాత్కాలికమే. తప్పితే ఇంటికే. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ బీడీ కార్ఖానా గుమాస్తాగా వెళ్ళాలేమోనని అతని దిగులు. ఆ దిగులుతో కాగితం చూసి చదివేటప్పుడు కూడా మాట తట్టుకోవడం మొదలైంది. దానికి తోడు పదిరోజులుగా విడవని ముసురు. స్టూడియో గోడలు చెమ్మెక్కాయి. నా ఇత్తడి రేకులకు పచ్చటి చిలుము పట్టింది. నాకు ముందే తెలుసు, కదలిక మందగించిందని. కానీ మీట నోరు విప్పి చెప్పలేదు కదా.

ఆ రోజు పొద్దున చదవాల్సిన ప్రకటన ఇదీ: పెద్దాపురంలో పశువుల దవాఖాన దగ్గర పశువులకు గాలికుంటు టీకాలు. 'ప' మీద 'ప'. మార్చి చదవడానికి లేదు, ఊరి పేరు ఊరి పేరే. పరంధాములు మైకు దగ్గరికి జరిగి, నా మీద వేలు వేసి నొక్కాడు. ఎర్ర దీపం ఆరింది. దీపం రేకులు విడివడ్డాయి. మైకు రేకులు మాత్రం చిలుముతో అతుక్కుపోయి అలాగే ఉండిపోయాయి.

దీపం ఆరింది కాబట్టి అతను నన్ను నమ్మాడు. ఎప్పటిలా ధైర్యంగా తంటాలు పడ్డాడు. "ప్… ప్… ప్… పె… రావే… ప్… ఎందుకు సతాయిస్తవ్… పెద్దాపురంలో" అని, మళ్ళీ "ప్… ప్…" అంతా బయటికి పోయింది. పొలాల మీదికి, బస్సుల్లోకి, బీడీ చాటల దగ్గరికి. నేను లోలోపల బిగుసుకుపోయి ఎంత ప్రయత్నించానో! రేకు ఒక్క వెంట్రుకవాసి విడివడితే చాలు. విడివడలేదు.

రెహమత్ అలీ ఫోను లైను చూడటానికి పక్క గదికి వెళ్ళి ఉన్నాడు. అక్కడి స్పీకరులో అంతా విని తిరిగి వచ్చి, అద్దానికి అవతలి నుంచి రెండు చేతులూ ఊపాడు. పరంధాములుకు అర్థం కాలేదు. రెహమత్ గబగబా ఒక పాట పెట్టి లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"పరంధాం, ఆగు. నీ స్విచ్ పని జేస్తలేదు."

"ఎ… ఎప్పటి సంది?"

"గీ ప్రకటన మొదటి నుంచే."

పరంధాములు దీపం వైపు చూశాడు. "నేను మాటను బతిమాలుకున్నది గూడ ప్… పోయిందా?"

"అది గూడ పోయింది యార్."

అప్పుడు పరంధాములు అతని ముఖంలోకి చూశాడు. ఏదో తట్టింది. "నేను స్విచ్ ఎందుకు నొక్కుతనో నీకెట్ల తెల్సు? నీకు ఎన్నడు తెల్సింది?"

"మొదటి రోజే. అద్దం అవతల కూసునేటోన్ని నేను. నీ ప్… పెదాలు ఆడుతయి, నా చెవులల్ల ఏం రాదు. గంత మాత్రం సమజ్ గాదా?" నవ్వబోయి నవ్వలేదు రెహమత్. "నా మాట గూడ నీ లెక్క తట్టుకున్నది, ఏమనుకోకు. నాక్కూడ కలవరమైతుంది."

"ప్… పందొమ్మిదేండ్లు ఒక్కనాడన్న అడగకపోతివి."

"అడిగితే నాతోని గూడ మాట్లాడుడు బంద్ జేస్తవని."

మిగతా కార్యక్రమమంతా పాటలతో నింపారు. పరంధాములు బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. అతని నుదురు నాకు తగులుతూనే ఉంది. అంత బరువు నేనెప్పుడూ మోయలేదు.

తొమ్మిది గంటలకు స్టేషన్ డైరెక్టర్ వసుంధర గారు స్టూడియోలోకి వచ్చారు. కోనసీమ వైపు ఆవిడ, మాట పదును. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు.

"జీపులో వస్తూ విన్నానండీ. సిగ్నల్ ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇదేం రేడియో, ఇదేం ఖర్మ? ట్రాన్స్‌మిటర్ వాళ్ళని ఫోన్లో కడిగేశాను. మావైపు ఏ లోపమూ లేదంటారు! పొద్దుణ్ణించీ ఇరవై మంది శ్రోతలు ఫోన్ చేశారు, రేడియో సరిగ్గా రావట్లేదని. మీకేమైనా తెలిసిందా పరంధాములు గారూ?"

నేనూ రెహమతూ ఊపిరి బిగబట్టాం. నాకు ఊపిరి లేదనుకోండి, అయినా.

"ముసురు మేడం…" అన్నాడు పరంధాములు.

"అదే అయ్యుంటుంది" అని ఆవిడ వెళ్ళిపోయారు.

చూశారా మనుషుల సంగతి! పందొమ్మిదేళ్ళుగా ఏ క్షణం వస్తుందని వణికిపోయాడో ఆ క్షణం వచ్చింది. వచ్చి వెళ్ళింది. ఊళ్ళో ఒక్కరు కూడా అతని నోరనుకోలేదు. అందరూ తమ రేడియోలను అనుమానించారు. తట్టి చూశారు, సెల్లులు మార్చారు, ఏరియల్ పీకి పెట్టారు. పరంధామన్న నోరు తడబడుతుందని నమ్మడం కంటే తమ రేడియో చచ్చిపోయిందని నమ్మడమే వాళ్ళకు తేలికైంది.

సాయంత్రం రెహమత్ నన్ను విప్పి, స్పిరిట్‌తో రేకులు తుడిచి, స్ప్రింగు మార్చి మళ్ళీ బిగించాడు. మర్నాడు పరంధాములు వచ్చి కూర్చుని నాలుగైదుసార్లు నన్ను నొక్కి చూసుకున్నాడు. నేను శుభ్రంగా పని చేశాను. గండం గడిచినట్టే. అయినా అతని ముఖంలో ఉత్సాహం లేదు. రెహమత్‌తో అన్నాడు:

"రాత్రి ఇంట్ల మా ఆమె లలితకు చెప్పిన. ఏమన్నదో తెల్సా? 'ఊరికి నిన్న తెల్వబోయింది, నాకు ప్… పెండ్లినాటి సంది తెల్సు. నేనేమన్న పారిపోయిన్నా' అన్నది."

"కరెక్టే అన్నది గద."

"ఆమె ఒక్కతి, రెహమత్. వీళ్ళు వేలమంది."

ఎర్ర దీపం వెలిగింది. ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఇద్దరూ నిన్న రేడియో సరిగ్గా రాలేదనే చెప్పారు. పరంధాములు "ముసురు" అని దాటేశాడు. మూడో ఫోనులో ఒక ముసలామె గొంతు. పక్కన కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

"నేను పోశవ్వను బిడ్డా. తాళ్ళగడ్డ నుంచి. బీడీలు చేస్త."

"చెప్పవ్వా, మంచిగున్నవా?" అన్నాడు. పేరు పలకకుండా తప్పించుకున్నాడు.

"ఏం మంచి బిడ్డా! నా రేడియో ఖరాబైంది. నిన్న నువ్వు పసుల ముచ్చట చెప్తుంటే ఒకటే తెగుడు. టప్పు టప్పు టప్పు. మల్ల ఎవరినో రా రా అని పిలిచినట్టు గూడ వచ్చింది. వేరే స్టేషనేమో కలిసింది. మా కోడలు కొత్త సెల్లులేసింది. మా ఆయన ఉన్నప్పుడు తెచ్చిన రేడియో బిడ్డా అది. ఆయన పోయి పదకొండేండ్లాయె. ఇగ దాని పనైపోయింది, పారెయ్యమంటున్రు అందరు. నిన్నటి సంది బువ్వ గూడ సయిస్తలేదు నాకు. నువ్వు రేడియోల ఉండేటోనివి, నీకు ఎరుకుంటది. పారెయ్యాల్నా బిడ్డా?"

ముసురు అని చెప్పి ఉండొచ్చు. ఆమె నమ్మేది. కానీ ఆమె అడిగింది వాతావరణం గురించి కాదు. భర్త తెచ్చిన రేడియోను బయట పడేయమంటావా అని అడిగింది. పడేయనక్కరలేదని రూఢిగా చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే.

అతని బొటనవేలు నా మీద ఉంది. నేను సిద్ధంగా ఉన్నాను. కొత్త స్ప్రింగు, తుడిచిన రేకులు. నొక్కుతాడనుకున్నాను. వేలు మెల్లగా పక్కకు జరిగింది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ప్… ప్… ప్…"

అద్దం అవతల రెహమత్ లేచి నిలబడ్డాడు.

"ప్… పో… పోశవ్వా." మైకు దగ్గరికి జరిగాడు. "రేడియో ప్… పారెయ్యకు. అది మంచిగనే ఉన్నది. నిన్న తెగింది రేడియో కాదు. నా నోరు. నాకు నత్తి ఉన్నది పోశవ్వా. చిన్నప్పటి సంది. ఇన్నేండ్లు ఈడ ఒక మీట నొక్కి మీకు వినరాకుండ చేసిన. నిన్న అది ప్… పని చెయ్యలె. రా రా అన్నది గూడ నేనే. మాటను ప్… ప్… పిలుచుకుంటున్న."

కత్తెర ఆగిపోయింది.

"నిజంగనా బిడ్డా?" అన్నది పోశవ్వ.

"నిజం అవ్వా."

"రేడియోకు ఏం కాలేదా?"

"ఏం కాలేదు."

"అబ్బ! బతికించినవ్ కొడుకా! నీ కడుపు సల్లగుండ!" ఆమె ఫోను పక్కకు పెట్టి ఎవరితోనో గట్టిగా అరిచింది: "ఓ రాజమణీ, రేడియో మంచిగనే ఉన్నదట! నత్తి పరంధాములుకేనట!" మళ్ళీ ఫోనులోకి వచ్చింది. "నత్తికేంది బిడ్డా, మా చిన్న చెల్లెకు గూడ ఉండె. నలుగురు పిల్లల తల్లైంది. సరే గని, ఒక మంచి పాట వెయ్యి. నిన్నటి సంది మనసు మనసుల లేదు."

పరంధాములు నవ్వాడు. అతను మైకు ముందు నవ్వడం చాలాసార్లు విన్నాను. లోపలి నుంచి వచ్చిన ఈ నవ్వు మాత్రం కొత్తది. అద్దం అవతల రెహమత్ కళ్ళు తుడుచుకుంటూ పాట పెట్టాడు. పందొమ్మిదేళ్ళుగా మోసిన రహస్యాన్ని పోశవ్వ ఎంత సులువుగా పక్కకు తోసేసిందంటే, ఇంతకాలం దాన్ని ఎందుకు మోశామా అని నాకే సిగ్గేసింది.

వసుంధర గారు ఎప్పుడు వచ్చారో, రెహమత్ వెనక నిలబడి ఉన్నారు. కార్యక్రమం అయ్యాక లోపలికి వచ్చారు. పరంధాములు లేచి, "మేడం, నిన్న నేను…" అని మొదలుపెట్టాడు.

"నిన్న ట్రాన్స్‌మిటర్ వాళ్ళని అనవసరంగా తిట్టించారు కదండీ నాచేత!" అన్నారావిడ. "ముందు వాళ్ళకి క్షమాపణ చెప్పాలి. మీరొకసారి, నేనొకసారి."

"ప్… పరీక్ష సంగతి మేడం?"

"పరీక్ష పరీక్షే. రండి, కూర్చోండి, మాట్లాడండి. నేను చేయగలిగింది చేస్తాను. నా చేతిలో లేనిది నేను చేయలేను."

ఆ మాటతో అతనికి పూర్తి ధైర్యమేమీ రాలేదు. పరీక్ష రోజు వరకూ సరిగ్గా తినలేదని రెహమత్ అంటుంటే విన్నాను. పరీక్ష వేరే గదిలో జరిగింది, అక్కడ నాలాంటి మీట లేదు. బయటి నుంచి వచ్చిన ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. చదవమన్నది చదివాడు. పేరు చెప్పమంటే ఈసారి కాగితం మీద వేలు పెట్టలేదు, చెప్పాడు. ఎంతసేపు పట్టిందో అంతసేపూ పట్టింది. ఒకాయన కాగితం మీద "ఉచ్చారణలో ఆటంకం" అని రాశాడట. ఆ కాగితం వసుంధర గారి దగ్గరికి వెళితే ఆవిడ దాని కింద "శ్రోతలకు ఆటంకం లేదు" అని రాసి, వచ్చిన ఉత్తరాల కట్టను జతచేసి పంపారట. నెల తర్వాత జాబితా వచ్చింది. రెహమత్ దాన్ని చేత్తో పట్టుకుని స్టూడియోలోకి వచ్చాడు, తలుపు తీస్తూనే "ఉన్నది! ఉన్నది!" అని. పరంధాములు జాబితా చదవలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. భుజాలు దిగాయి. ఆ భుజాలు అంత కిందికి ఉండగలవని నేనెన్నడూ అనుకోలేదు.

అన్ని ఉత్తరాలూ మెచ్చుకున్నవే అని చెబితే అబద్ధమవుతుంది. ఒక పంతులు గారు, రేడియో వినే పిల్లలకు నత్తి అంటుకుంటుందని రెండు పేజీలు రాశారు. పరంధాములు దాన్ని రేడియోలోనే చదివి వినిపించాడు, 'ప' దగ్గర ఆగుతూ, లాగుతూ. ఆ పంతులు గారే తర్వాత వారం ఫోను చేసి పాట అడిగారు. మౌనం మీద వ్యాసం రాసిన లెక్చరర్ మాత్రం మళ్ళీ ఏమీ రాయలేదు.

ఒక ఆదివారం పరంధాములు తాళ్ళగడ్డ వెళ్ళాడు. పోశవ్వ రేడియో చూశాడు. ఆ వాడ ఆడవాళ్ళంతా చుట్టూ చేరారట. మాట తట్టుకున్నప్పుడల్లా వాళ్ళు బీడీలు చుడుతూనే ఉన్నారట, ఎవరూ తొందరపెట్టలేదట. సోమవారం పొద్దున ఇదంతా చెబుతుంటే అతని దగ్గర తంబాకు వాసన వచ్చింది.

నా సంగతి అంటారా? మొదట్లో నొచ్చుకున్నాను. వారాలు గడిచినా నా మీద వేలు పడలేదు. తర్వాత ఆ చలికాలం అతనికి జలుబు చేసింది. వార్తల మధ్యలో దగ్గు తన్నుకొచ్చింది. చప్పున నన్ను నొక్కి, దగ్గి, వేలు తీశాడు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి అతని వేలి కింద నేను పుట్టిన పని మాత్రమే చేశాను. ఒక మామూలు దగ్గును ఆపాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఒక మనిషి మొత్తాన్ని దాచిపెట్టే పని నుంచి నాకు సెలవు దొరికింది.

నాలుగేళ్ళ తర్వాత కొత్త స్టూడియో వచ్చింది. అందులో అంతా తెర మీద వేలితో తాకే ఏర్పాట్లే. నన్ను విప్పి, పాత బల్బులూ తెగిన వైర్లూ ఉన్న అట్టపెట్టెలో వేసి స్టోరు గదిలో పెట్టారు. పెట్టె మీద "పనికిరానివి" అని రాసి ఉంది. రాసింది రెహమతే, పదవీ విరమణకు వారం ముందు. రాసి, ఒకసారి నన్ను చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, మళ్ళీ పెట్టాడు. నాకేమీ కష్టం కలగలేదు. స్టోరు గది వసారాలోనే ఉంది. వసారాలో ఒక స్పీకరు రోజంతా మోగుతుంది. పొద్దున ఎనిమిది గంటలకు పరంధాములు వస్తాడు. నేను విప్పేసిన మీటను కాబట్టి, ఇప్పుడు ఊరు వినేదే నేనూ వింటున్నాను.

మొన్న ఒక ఫోను వచ్చింది. అవతల మగగొంతు. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. "స్… స్… స్…" అంది. ఆ గొంతు మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఆగింది. వసారాలో ఊడుస్తున్న మనిషి చీపురు ఆపి నిలబడటం నాకు తెలిసింది. అవతలివాడు చెప్పబోయే మాట ఏమిటో పరంధాములు ఊహించి అందించవచ్చు. అందించలేదు. పాట పెట్టి దాటేయవచ్చు. పెట్టలేదు. ఎదురుచూశాడు.

"స్… సత్తయ్యను అన్నా" అన్నాడు చివరికి అవతలివాడు. "కరెంటు లైన్‌మన్‌ను. స్తంభాలెక్కుత. ఫోన్ల మాట్లాడుడు ఇదే మొదటిసారి."

"మంచిగ మాట్లాడినవ్ సత్తయ్యా. ఏం ప్… పాట కావాలె?"

సత్తయ్య తనకు కావలసిన పాట చెప్పడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషంలో ఎవరూ ఏదీ నొక్కలేదు.